కొంగు ముడిలో చిప్పు

మొన్న మా వనపర్తిలో కొత్తగా పెళ్లి ఫోటోలు తీస్తున్న ఒక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. ఎవరిదో పెళ్లికి దుబాయి పోతోందట. "మేడం, బయటి దేశం పోతున్న. బ్యాటరీలు ఎన్ని తీస్కపోవాలె? ఫోటోలు యాడ దాసాలె?" అని అడిగింది. స్టూడియో మూసేసి ఇంట్లో కూర్చున్న మనిషిని ఇంకా ఎవరో వచ్చి సలహా అడగడమే గొప్ప. "బ్యాటరీలు చేతి సంచిలో పెట్టుకో, పెద్ద పెట్టెలో పెట్టకు. నిండిన చిప్పులు నీ దగ్గరే ఉంచుకో, దేవుడొచ్చి అడిగినా ఇవ్వకు" అన్నాను. రెండు మాటల్లో అయిపోయింది. ఆ అమ్మాయి టీ కూడా తాగకుండా లేచింది. కూర్చోమన్నాను. ఆ రెండు మాటలూ నాకు ఎట్లా తెలిసాయో చెప్తానన్నాను. పాపం, పొద్దు వాలే దాకా విన్నది. ఆమెకు చెప్పిందే మీకూ చెప్తున్నాను. మీకు టీ ఇవ్వలేను, అంతే తేడా.

మాది గోపాల్‌పేట దగ్గర మెట్ట సేద్యం చేసుకునే ఇల్లు. పెళ్లయి వనపర్తికి వచ్చేసరికి మా ఆయనకు స్టూడియో ఉంది. మొదట్లో పెళ్లికూతుళ్ల కొంగు సర్దడానికి, చంటిపిల్లల్ని నవ్వించడానికి మాత్రమే నన్ను లోపలికి పిలిచేవాడు. ఒకసారి ఆయనకు జ్వరం వస్తే పెళ్లికి కెమెరా నేనే పట్టుకుపోయాను. జ్వరం తగ్గింది గాని కెమెరా మాత్రం మళ్లీ ఆయన చేతికి ఇవ్వలేదు. "నువ్వు లెక్కలు చూసుకో, నేను మనుషుల్ని చూసుకుంటా" అన్నాను. ఆయన కూడా హాయిగా ఊపిరి పీల్చుకున్నట్టే ఉన్నాడు.

నేను చెప్పబోయేది ఊళ్లలో ఇంకా నొక్కుడు ఫోన్లే ఎక్కువున్న కాలం. పెద్ద ఫోన్ ఎవరి చేతిలోనన్నా కనిపిస్తే నలుగురు చుట్టూ మూగేవాళ్లు. ఆ రోజుల్లో ఒక అయ్యగారు మా స్టూడియోకి వచ్చారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లెల్లో సంఘాలు నడిపే పాస్టరు. తన సంఘాల వాళ్లను యేసు పుట్టిన దేశానికి తీసుకుపోతున్నారు. జోర్దాను నదిలో మునిగి, యెరూషలేము, బేత్లెహేము చూసి, ఐగుప్తు, అదే ఈజిప్టు, మీదుగా వెనక్కి రావడం. వాళ్లందరి ఫోటోలు నేను తీయాలట.

"మా ఇంట్ల పూజలుంటయి అయ్యగారూ, మీ ప్రార్థనలు నాకు రావు" అన్నాను.

"ఉండనీ అమ్మా. ఫోటో తీసేదానికి ప్రార్థన రావాల్నా ఏంది? నదిల ఆడోళ్లు మునుగుతరు. తడి బట్టలతోని పైకొస్తరు. మొగాయన కెమెరా వట్టుకొని నిలవడితే మా తల్లులు సిగ్గువడి సస్తరు. గందుకే నీ కాడికొచ్చిన" అన్నారు.

నా పనితనం చూసి వచ్చారనుకుని లోపల మురిసిపోతున్న దాన్ని, కారణం విని నవ్వుకున్నాను. సరేనన్నాను. వీడియోకు గద్వాల నుంచి ఒక కుర్రాడిని అప్పటికే మాట్లాడుకున్నారు. నాకంటే చాలా చిన్నవాడు. నన్ను అక్కా అనేవాడు, నేను తమ్ముడూ అనేదాన్ని. నది దగ్గర ఆడవాళ్లు మునిగేటప్పుడు అతను వీడియో కెమెరా కొండల వైపు తిప్పుకోవాలని ఒప్పందం. లాప్‌టాప్ అతనిది. రోజూ సాయంత్రం నా చిప్పుల్లోని ఫోటోలు, అతని వీడియోలు అందులోకి ఎక్కించాలి. మెమరీ కార్డు అని మీరనేదాన్ని మేం చిప్పు అనే అంటాం. నా దగ్గర బ్యాటరీలు నాలుగు, చిప్పులు మూడు. మా ఊరి పెళ్లికైతే అవి చాలా ఎక్కువ.

మాతో వచ్చినవాళ్లలో చాలామంది కూలి పని వాళ్లు. మట్టి పనికి పుణె, బొంబాయి పోయినవాళ్లే అంతా. ఊరు చూడడానికని ఊరు దాటడం మాత్రం వాళ్లకు అదే మొదలు. హైదరాబాదుకు పోయే బస్సులో నా పక్కన వడ్డేపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ కూర్చుంది. బక్క మనిషి. పత్తి తీసీ తీసీ వేళ్ల చివర్లు గరుకుదేలి ఉన్నాయి. నోట్లో పళ్లు చాలావరకు లేవు. బస్సు కదిలినప్పటి నుంచి నా భుజానికున్న సంచినే చూస్తోంది.

"ఫోటోలమ్మా" అన్నది చివరికి. ఆ ప్రయాణంలో అదే నా పేరైపోయింది. "మొఖం ఇంత పెద్దగొస్తదా నీ డబ్బలకెల్లి?" అని రెండు చేతులూ వెడల్పు చేసి చూపించింది.

"గోడంత కావాల్నా? గోడంత ఒస్తది" అన్నాను.

అప్పుడు చెప్పింది. ఆమె బిడ్డ అమ్మాన్‌లో, మేం మొదట దిగబోయే ఊళ్లోనే, ఎవరింట్లోనో వంట పని చేస్తోంది. భర్త చనిపోయాక, తన పాపకు ఇంకా నడక రాకముందే వెళ్లిపోయింది. ఒక ఒప్పందం అయ్యేసరికి ఇంకో ఒప్పందం, తిరిగి రావడం పడలేదు. వారానికొకసారి ఫోన్‌లో గొంతు వినిపిస్తుంది. పాప ఇప్పుడు బడికి పోతోంది. అవ్వ దగ్గరే పెరుగుతోంది. ఇంట్లో ఉన్న ఒక్క చిన్న పాస్‌పోర్టు ఫోటోకు గోడ తేమ తగిలి, ముఖమంతా తెల్లగా పాలిపోయింది.

"అవ్వా, మా అమ్మ ఎట్లుంటదే అని అడుగుతది. నా లెక్కనే ఉంటదే అంటే నవ్వుతది. నీకు పండ్లు లేవు గద అంటది. ఈసారి పెద్ద ఫోటో తెస్తనని మాటిచ్చి ఒచ్చిన. నా బిడ్డ ఓటల్ కాడికి ఒస్తదంట. దాని మేడమ్మ పంపిస్తనన్నదంట. నువ్వు మర్సిపోవు గద?"

మరిచిపోనన్నాను. అంత దూరం నుంచి ఆ పిల్ల తల్లి ముఖం తెచ్చి ఇచ్చే పని నా మీద పడిందని అప్పుడు అర్థమైంది. పెళ్లి ఫోటోల్లో ఎంత కష్టపడ్డా చివరికి అందరూ నగలే చూస్తారు. ఇక్కడ ఒక పిల్ల ముఖం చూస్తుంది.

విమానాశ్రయంలోనే నా మొదటి చిప్పు ముప్పాతిక నిండిపోయింది. బోర్డు దగ్గర ఒకటి, అద్దాల్లోంచి కనిపించే విమానంతో ఒకటి, మెట్లు వాటంతటవే కదిలే చోట ఒకటి. కాదనడం నాకు చేతకాదు. మా వైపు పెళ్లిళ్లలో స్టేజీ ఎక్కిన ప్రతి మనిషికీ ఫ్లాష్ వెలగాలి. వెలగకపోతే అన్నం తినకుండా పోయేవాళ్లున్నారు. ఆ అలవాటు చేతుల్లో అట్లాగే ఉండిపోయింది.

అమ్మాన్‌లో హోటల్‌కు చేరి పెట్టె తెరిస్తే మూడు బ్యాటరీలు లేవు. వాటి స్థానంలో ఒక కాగితం ఉంది. విడి బ్యాటరీలు సామాన్లతో పంపకూడదని, తీసేశామని దాని సారాంశం. విమానంలో మంటలు లేస్తాయట. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. దొంగలు పడకుండా చీరల మడతల్లో చుట్టి మరీ భద్రంగా పెట్టాను. ఇక నాకు మిగిలింది కెమెరాలో ఉన్న ఒక్కటే, అదీ సగానికి వచ్చింది.

చార్జరు పెడదామంటే గోడలో ఉన్న బొక్కలు మన బొక్కలు కావు. మన ప్లగ్గు కాళ్లు లావు, వాళ్ల బొక్కలు సన్నం. కింద అడిగితే కలిపి పెట్టుకునే ముక్క ఒక్కటే ఉంది, దాన్ని అయ్యగారి ఫోనుకు ఇచ్చారు. నేను పోయి, "అయ్యగారూ, ఫోను లేకున్న నడుస్తది, నది కాడ కెమెరా లేకుంటే మీ తల్లులు మిమ్మల్ని బతకనియ్యరు" అని దాన్ని లాక్కొచ్చాను.

ఇంతలో మా తమ్ముడు తన లాప్‌టాప్‌కు ఇంకో దారి కనిపెట్టాడు. మన దగ్గర ప్లగ్గు లేకపోతే ఏం చేస్తాం? తీగల చివర్లు గీకి, బొక్కల్లో పెట్టి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చుతాం. పెళ్లి పందిళ్లలో సగం దీపాలు అట్లానే వెలుగుతాయి. తమ్ముడు పెట్టె అడుగు నుంచి అగ్గిపెట్టె తీసి అదే పని చేశాడు. టప్ మని చప్పుడు. ఆ అంతస్తు మొత్తం చీకటి. లాప్‌టాప్ చార్జరు నుంచి కాలిన వాసన. హోటల్ మేనేజరు పైకి వచ్చి గోడలో ఉన్న అగ్గిపుల్లల్ని ఒక్కొక్కటీ బయటికి లాగి అరచేతిలో పెట్టుకుని, అవేమిటో అర్థం కాక చాలాసేపు చూశాడు. తర్వాత తమ్ముడిని కిందికి తీసుకుపోయాడు.

నవ్వొచ్చింది గాని నవ్వడానికి లేదు. లాప్‌టాప్ పోయిందంటే నా చిప్పులు ఖాళీ చేసే దారి పోయినట్టే. తీసినవి తీసినట్టు చిప్పుల్లోనే ఉండాలి, ఇల్లు చేరే దాకా.

ఆ సాయంత్రమే అవ్వ బిడ్డ వచ్చింది.

హోటల్ కింద గదిలో సోఫాలున్న చోట అవ్వ చాలా ముందు నుంచే కూర్చుంది. నేను కరెంటు పోయి సరిగ్గా ఎక్కని బ్యాటరీని తీసి కెమెరాలో పెట్టుకుని పక్కనే ఉన్నాను. తలకు రుమాలు కట్టుకుని, పొడుగు చేతుల అంగీ వేసుకున్న ఒకామె తలుపు తోసుకుని లోపలికి వచ్చి నిలబడింది. "అమ్మా" అన్నది. అవ్వ లేవలేదు.

"ఏందే, గింత బక్కగైతివి" అన్నది అవ్వ.

"నువ్వేమన్న లావైనవా అమ్మా" అని ఆమె వచ్చి అవ్వ మోకాళ్ల దగ్గర నేల మీద కూలబడింది. ఒకరి చేతులు ఒకరు తడుముకున్నారు. ఆ తర్వాత ఒకటే మాటలు.

"జడ ఎంత పొడుగైంది దానిది?"

"నడుం దాంక ఒచ్చింది. నూనె పెట్టనియ్యదు."

"నా లెక్క ఎడమ చేత్తోనే రాస్తదా?"

"రాస్తది, తింటది గూడ. తిట్టి తిట్టి నా నోరు పోయింది, అది మాత్రం మారలే."

ఎడమ చేతితో తింటుందన్న మాటకు ఆ తల్లి పగలబడి నవ్వింది, ఆ వెంటనే ఏడ్చింది. నేను అటు తిరిగి కెమెరా తుడుచుకున్నాను, తుడవడానికి దాని మీద ఏమీ లేకపోయినా.

మేడమ్ వాళ్ల డ్రైవరు బయట ఉన్నాడు. వేళ అయిపోతోంది. మా స్టూడియో అలవాటు ప్రకారం అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, బిడ్డను వెనక నిలబెట్టాను. తలరుమాలు తీసి జుట్టు సర్దుకోమన్నాను. చేతులు తల్లి భుజాల మీద పెట్టమన్నాను. ముఖం మాత్రం ఎంతకీ విప్పారలేదు. ఫోటో అంటే పాస్‌పోర్టు ఫోటోకు బిగుసుకున్నట్టు బిగుసుకుపోయింది.

"జర నవ్వు తల్లీ. దీన్ని చూసేది నీ బిడ్డనే గద" అన్నాను.

అప్పుడు వచ్చింది నవ్వు. నా జీవితంలో చాలా పెళ్లికూతుళ్లను నవ్వించాను గాని, అంత మంచి నవ్వు నా కెమెరాకు ఇంకెవరూ ఇవ్వలేదు. బ్యాటరీ గుర్తు ఎర్రగా మెరుస్తోంది. నాలుగైదు తీశానో లేదో చిప్పు నిండిందని కెమెరా చూపించింది. డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి తాళాలు గలగలలాడించాడు. ఆమె పాపకు కొన్న గౌను సంచి అవ్వ ఒళ్లో పెట్టి, రుమాలు కట్టుకుంటూ వెళ్లిపోయింది. వెనక్కి చూడలేదు. చూస్తే పోలేనని ముందే చెప్పింది.

అయ్యగారి పెద్ద ఫోను అప్పుడు ఛార్జింగు లేక మూగపోయి ఉంది, ఆ ముక్క నేనే లాక్కున్నాను కదా. తమ్ముడు మేనేజరు ముందర నిలబడి ఉన్నాడు. అంటే ఆమె ఫోటో ఈ లోకంలో నా చిప్పులో తప్ప ఇంకెక్కడా లేదు.

చిప్పు తీసి కొత్తది పెడుతుంటే అవ్వ చెయ్యి చాపింది.

"నా బిడ్డ దాంట్లనే ఉందా?"

"దీంట్లనే ఉంది అవ్వా."

"అయితే నా కాడ ఉండనీ."

"వద్దవ్వా, గిది నాజూకు సామాను. నా పెట్టెల భద్రంగుంటది."

ఆమె నా మొహంలోకి చూసింది. "నీ పెట్టెలకెల్లే గద బ్యాటరీలు వోయినయి. నా కొంగు ముడిలకెల్లి ఇంతవరకు ఏం పోలే."

ఆమె మాట నిజమే కదా. అదీగాక, బిడ్డ పోయిన తలుపు వైపు చూస్తూ చాపిన ఆ చేతిలో ఏమీ పెట్టకుండా ఉండడం నా వల్ల కాలేదు. వక్కపొడి పొట్లం కాగితంలో చిప్పు మడిచి ఇచ్చాను. ఆమె దాన్ని కళ్లకద్దుకుని, కొంగు చివర గట్టిగా ముడి వేసి, నడుము దగ్గర దోపుకుంది. ఇంటి తాళంచెవి పెట్టుకునే చోట. మా వైపు ఆడవాళ్లకు బ్యాంకైనా పెట్టెయినా అదే.

మర్నాడు పొద్దున నదికి పోయాం. అందరికీ తెల్లటి పొడుగు అంగీలు ఇచ్చారు. చీరల మీదే వాటిని తొడుక్కున్నారు మా తల్లులు. నీళ్లు చాలా చల్లగా ఉన్నాయి. అయ్యగారు నడుములోతు నీళ్లలో నిలబడి ఒక్కొక్కరినే పట్టి ముంచి లేపుతున్నారు. నేను మెట్ల మీద. ఉన్న బ్యాటరీ మీద నమ్మకం లేక, ఒక్కరికి ఒక్కటే అని ముందే చెప్పాను. మనిషి నీళ్లలోంచి పైకి వచ్చి, కళ్లు తెరిచే ఆ ఒక్క క్షణం కోసం వేలు బిగబట్టుకుని ఉన్నాను. ఇంకో ఆలోచన లేదు. తమ్ముడు ఒప్పందం ప్రకారం కొండలు తీస్తున్నాడు.

అవ్వ వంతు వచ్చింది. మునిగింది. లేచింది. బోసి నోటితో నవ్వుతూ పైకి చూసింది. నొక్కాను, మంచిగా వచ్చింది. మెట్లెక్కి వస్తూ తడి అంగీ పిండుకుంటున్న ఆమె చెయ్యి నడుము దగ్గర ఆగిపోయింది.

"ఫోటోలమ్మా" అన్నది. నాకు అర్థమైపోయింది.

ముడి విప్పడం ఆమె వల్ల కాలేదు, తడికి బిగుసుకుపోయింది. నేనే పళ్లతో విప్పాను. కాగితం ముద్దయింది. చిప్పులోంచి నీళ్లు కారాయి. అవ్వ మెట్ల మీదే కూర్చుని నుదురు కొట్టుకుంది. "నా చేతులతోని నేనే ముంచిన నా బిడ్డను. పిల్లకు ఏం జెప్పాలె? వాళ్లమ్మను తెస్తనని ఒచ్చిన గద." బాప్తిస్మం తీసుకున్న సంతోషంలో పాట పాడుతున్న ఆడవాళ్లంతా పాట ఆపేశారు.

"ఏం కాదవ్వా, ఎండితే ఒస్తది" అన్నాను. వస్తుందో రాదో నాకు తెలియదు. నీళ్లలో పడిన చిప్పును తడి మీద ఏ మిషన్‌లోనూ పెట్టకూడదని మాత్రం తెలుసు. మా ఆయన ఒకసారి వానలో తడిసిన చిప్పును అట్లానే పోగొట్టాడు. ఆ మధ్యాహ్నమే మేం సరిహద్దు దాటిపోవాలి. తిరిగి వచ్చే దారి ఐగుప్తు మీదుగా. ఆ తల్లిని మళ్లీ చూసే వీలు లేదు.

అన్నం దొరకదేమోనని ఇంటి నుంచి బియ్యం సంచి మోసుకొచ్చిన నాగర్‌కర్నూల్ తల్లి ఒకామె మాతో ఉంది. దారంతా ఆమెను అందరూ ఆటపట్టించారు. ఆ బియ్యంలోనే చిప్పును పెట్టాను. అయ్యగారు ఆ సంచి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. చుట్టూ అందరూ తలలు వంచారు, నేనూ వంచాను. అప్పటిదాకా ఎగతాళికి గురైన బియ్యం సంచిని ఆ తర్వాత బస్సులో ఎవరు మొయ్యాలో పోటీ పడ్డారు. చివరికి అవ్వే మోసింది. యెరూషలేములో అందరూ గోడలూ గోపురాలూ చూస్తుంటే, అవ్వ ఆ సంచిని గుండెకు ఆనించుకుని, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంది. కొత్త ఫోటో తీస్తానంటే వద్దని తల తిప్పింది.

తమ్ముడు అవ్వ ముఖం చూడలేకపోయాడు. కఠినంగా ఉంటే తప్పు జరిగేది కాదు, మెత్తటి మనసు కాబట్టే జరిగింది. బేత్లెహేములో, చిప్పు ఎండిపోయి ఉంటుందనుకుని, అవ్వకు చూపించి సంతోషపెడదామని బియ్యంలోంచి తీసి తన వీడియో కెమెరాలో పెట్టాడు. ఒక్క ఫోటో తళుక్కుమంది. తర్వాత తెర నల్లబడింది. చిప్పు చదవడం కుదరదని అక్షరాలు వచ్చాయి. నా దగ్గరికి వచ్చి చిప్పు అరచేతిలో పెట్టి చూపించాడు.

"నీ అగ్గిపుల్లల బుద్ధి యాడికి వోతది" అని నోటికొచ్చినట్టు తిట్టాను. అవ్వకు నేను చెప్తానంటే వద్దని, తానే పోయి ఆమె ముందర కూర్చుని చెప్పాడు. కొడుతుందేమోననుకుని తల వంచుకున్నాడు కూడా. అవ్వ ఆ తల మీద చెయ్యి పెట్టింది.

"మంచికే జేసినవు నాయనా. మొదలు ముంచింది నేనే గద" అన్నది.

ఐగుప్తులో ఏం చూశామో నాకు సరిగ్గా గుర్తు లేదు.

హైదరాబాదులో దిగాక తమ్ముడు గద్వాలకు పోలేదు. నాతో వనపర్తికే వచ్చాడు. అవ్వను వడ్డేపల్లి బస్సెక్కించి, ఏ సంగతో ఫోన్ చేస్తామని చెప్పాం. ఆమె తల ఊపింది గాని నమ్మినట్టు లేదు. పాపకు మాత్రం ఫోటో స్టూడియోలో తయారవుతోందని చెప్తానన్నది.

పోయిన ఫోటోలు వెతికి తీసే ప్రోగ్రాములు కొన్ని ఉంటాయి. తమ్ముడు నా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్కొక్కటీ ప్రయత్నించాడు. అన్నం కూడా అక్కడికే తెచ్చి పెట్టేదాన్ని. మా ఆయన వచ్చి చూసి, ఫ్యాను వాడి వైపు తిప్పి పోయేవాడు. విమానాశ్రయంలో తీసినవన్నీ బూడిద రంగు పలకల్లా వచ్చాయి. ఆ విమానం ముందర నిలబడిన వాళ్లందరికీ ఏం చెప్పాలా అని కూడా నాకు అనిపించలేదు. నాకు కావలసింది ఒక్కటే. రెండు రోజులకో మూడు రోజులకో, వంటింట్లో ఉన్న నన్ను "అక్కా!" అని పిలిచాడు. పరుగెత్తాను.

ఒక్క ఫోటో తెరుచుకుంది. పై సగం వచ్చింది. తల్లి ముఖం, జుట్టు, మెడ, ఆ నవ్వు. భుజాల దగ్గర నుంచి కిందికి అంతా బూడిద రంగు. కుర్చీ లేదు, అవ్వ లేదు. ఇద్దరం కంప్యూటర్ ముందు నిలబడి ఏడ్చాం. ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు, వాడే బయట ఎవరికీ చెప్పొద్దన్నాడు.

ఫోన్ చేస్తే మర్నాడు మొదటి బస్సుకే అవ్వ దిగింది. చెయ్యి పట్టుకుని పాప. కొత్త గౌను వేసుకుంది, కొంచెం పొట్టయింది. ఆ తల్లి ఎవరి కొలత చూసి కొన్నదో, పాప అంతకంటే పెరిగిపోయింది. లోపలికి రావడానికి సిగ్గుపడి అవ్వ చీర వెనక నిలబడింది. తమ్ముడు ఫోటోను తెర నిండా పెట్టాడు.

పాప మెల్లగా దగ్గరికి వచ్చింది. ఇంకా దగ్గరికి వచ్చింది. ముక్కు తెరకు తగిలేంత. చాలాసేపు చూసింది.

"మా అమ్మకు పండ్లు మంచిగున్నయి" అన్నది.

అవ్వ నవ్విన నవ్వుకు పక్క దుకాణం వాళ్లు తొంగి చూశారు. కళ్లు తుడుచుకుని తానూ తెర దగ్గరికి వచ్చి, బూడిద రంగు వైపు చూసి, "మరి నేనేడ పోయిన?" అన్నది.

"నీ సగం రాలేదు అవ్వా" అన్నాను. "నువ్వున్న కాడ చెడిపోయింది."

"పోతే పోనీ. నన్ను దినాం చూస్తనే ఉంటది గద, నేనెందుకు దానికి?" అన్నది అవ్వ. నిజంగానే ఆమెకు ఆ బాధ లేదు. కొంగుతో తెర మీద ధూళి తుడిచి, బిడ్డ చెంప ఎక్కడుందో అక్కడ వేళ్లు ఆనించింది.

పాప మాత్రం ఆ బూడిద రంగునే చూస్తోంది. అది చెడిపోయిన చోటని ఆమెకు తెలియదు. ఎవరి కోసమో వదిలిపెట్టిన ఖాళీ జాగా అనుకున్నట్టుంది.

"గీడ అవ్వ కూసుంటది" అని వేలు పెట్టి చూపించింది. "గీడ నేను నిలవడత. జాగ ఉంది గద."

తమ్ముడు నా వైపు చూశాడు, నేను తమ్ముడి వైపు చూశాను. నేను నోరు తెరిచేలోపు, కంప్యూటర్‌లో రెండు ఫోటోలనూ కలిపేయొచ్చంటూ వాడు కుర్చీ లాగాడు. అవ్వను, ఆ రోజు ఫోటోకు కట్టుకున్న చీరే కట్టుకొచ్చావా అని అడిగితే, ఉన్న మంచి చీర అదొక్కటే అన్నది. ఆమెను కుర్చీలో కూర్చోబెట్టాను. అమ్మాన్‌లో కూర్చోబెట్టినట్టే, భుజాలు కొంచెం వాల్చి. వెనకాల తల్లి నిలబడాల్సిన చోటు ఎంత ఎత్తులో ఉండాలో తమ్ముడు తెర మీద చూసి చెప్పాడు, దాని ప్రకారం కెమెరా ఎత్తు పెట్టుకున్నాను. పాపను పక్కన నిలబెట్టి, ఎడమ చెయ్యి అవ్వ మోకాలి మీద పెట్టాను. దీపాలు వేశాను. అవ్వ కెమెరా వైపు చూసి బోసి నోటితో నవ్వింది.

పాప మాత్రం తల పైకెత్తి, కుర్చీ వెనక ఉన్న ఒట్టి గోడ వైపు చూస్తోంది.

"బిడ్డా, ఇటు జూడు, నా దిక్కు" అన్నాను. చూడలేదు. మళ్లీ పిలిచాను.

"మా అమ్మ గీన్నే గద నిలవడేది" అన్నది, చూపు దింపకుండానే.

పెళ్లి పందిళ్లలో, బడుల్లో, ఇదే స్టూడియోలో ఎంతమందిని నా వైపు చూడమని కసిరానో లెక్కే లేదు. ఆ పిల్లను మళ్లీ పిలవలేదు. ఆమె అట్లా చూస్తుండగానే నొక్కాను.